మోయగలిగే టెలీ జూమ్ ఏది? పిట్టలు, జంతువుల ఫోటోలు తీసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువు గట్టు మీద కెమెరాతో అరగంట నిలబడితే చాలు, కనీసం ఇద్దరు దగ్గరకొచ్చి "అన్నా, ఈ లెన్సు ఎంత? మమ్మల్ని ఏది తీసుకోమంటారు?" అని అడుగుతారు. అక్కడ నిలబడి చెప్పే జవాబు ఎప్పుడూ సగమే అవుతుంది, ఈలోపు గూడబాతు (పెలికన్) కాస్తా ఎగిరిపోతుంది. అందుకని ఇన్నాళ్లూ అడిగినవన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. నేను దుకాణం నడపను, ఏ కంపెనీ నాకేమీ ఇవ్వదు. ధరలు పండగ ఆఫర్లను బట్టి, డాలరును బట్టి మారిపోతుంటాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. బరువులు మాత్రం కంపెనీలు ప్రకటించినవే.

"మోయగలిగే" అంటే ఎన్ని కిలోలు?

మనిషిని బట్టి ఉంటుంది గానీ, కొలుచుకునే పద్ధతి ఒకటుంది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా నిండా నీళ్లు పోయండి. దాన్ని రెండు చేతులతో కంటి ఎత్తుకు ఎత్తి, దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూస్తూ రెండు నిమిషాలు పట్టుకోండి. దించి, నిమిషం ఆగి మళ్లీ ఎత్తండి. ఇలా పదిసార్లు. 150-600 జూమ్‌ని చేత్తో పట్టుకుని ఫోటోలు తీయడం దాదాపు ఇలాగే ఉంటుంది (ఈ అంకెలు మిల్లీమీటర్లలో లెన్సు ఫోకల్ లెంగ్త్, పెద్దదైతే దూరపు పిట్ట పెద్దగా కనబడుతుంది). నిజానికి ఇంకా ఎక్కువే, ఎందుకంటే దాని వెనక ఆరేడు వందల గ్రాముల కెమెరా బాడీ ఉంటుంది, బరువంతా ముందుకి తూగుతుంది. తర్వాత లీటరు సీసాకి అరలీటరు సీసా కట్టి అదే పని చేయండి. 100-400 ఇలా ఉంటుంది. తేడా మీ భుజమే చెబుతుంది.

నేను ఈ పరీక్ష చేయకుండా కొన్నాను. మొదటి లెన్సు రెండు కిలోల పైచిలుకు 600. మొదటి నెలంతా ప్రతి ఆదివారం తీసుకెళ్లాను. రెండో నెలకి "ఇవాళ ఎండగా ఉందిలే" అన్నాను, మూడో నెలకి మణికట్టు నొప్పి. ఆ తర్వాత అది బీరువాలో చీరల పక్కన పడుంది. "దీనికి పెట్టిన డబ్బుతో నాకు రెండు గాజులొచ్చేవి" అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. చివరికి దాన్ని అమ్మేసి కిలోన్నర లోపు జూమ్ తీసుకున్నాను. నా దగ్గరున్న మంచి ఫోటోల్లో ఎక్కువ భాగం ఆ రెండో లెన్సువే. అది గొప్పదని కాదు, ఎప్పుడూ చేతిలో ఉంది కాబట్టి.

కాబట్టి నా లెక్క ఇది. ఒకటిన్నర కిలో లోపు ఉంటే నడుస్తూ, చేత్తో పట్టుకుని తీయొచ్చు. రెండు కిలోలు దాటితే సఫారీ జిప్సీ, పడవ, లేదా ఒకేచోట కూర్చునే పని. మధ్యలో ఉన్నవి మీ వయసు, మీ నడుము చూసుకుని నిర్ణయించుకోండి.

400 చాలా, 600 కావాలా?

అందరూ మొదట అడిగేది ఇదే. దీనికి ఊహలు అక్కర్లేదు, చిన్న లెక్క చాలు. పిట్ట సైజుని లెన్సు మిల్లీమీటర్లతో గుణించి, దూరంతో భాగించండి. సెన్సార్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద పిట్ట ఎన్ని మిల్లీమీటర్లు పడుతుందో వస్తుంది.

చిన్న నీలి లకుముకి పిట్ట ముక్కు నుంచి తోక దాకా సుమారు 16 సెంటీమీటర్లు, అంటే 160 మి.మీ. అది పది మీటర్ల దూరంలో తాడిమట్ట మీద కూర్చుందనుకోండి. 400 లెన్సుతో 160 × 400 ÷ 10,000 = 6.4 మి.మీ. పెద్ద రకమైన ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ ఎత్తు 24 మి.మీ. కాబట్టి పిట్ట ఫ్రేమ్ ఎత్తులో నాలుగో వంతు కన్నా కొంచెం ఎక్కువ వస్తుంది. 24 మెగాపిక్సెల్ బాడీ అయితే దాదాపు 1,070 పిక్సెళ్లు. ఇన్‌స్టాగ్రామ్‌కి దివ్యంగా సరిపోతుంది, గోడకి తగిలించే ప్రింటుకి చాలదు. అదే పిట్ట ఇరవై మీటర్ల దూరంలో ఉంటే ఇందులో సగమే, 530 పిక్సెళ్లు. అక్కడ 600 పెడితే 800 అవుతుంది.

ఇప్పుడు ఇదే లెక్కని తిరగేయండి. ఇరవై మీటర్ల నుంచి 600తో వచ్చే సైజు, 400తో కావాలంటే పదమూడు మీటర్లకి వెళ్లాలి. అంటే ఏడు మీటర్లు దగ్గరికి జరగాలి. పిట్టని బెదరగొట్టకుండా, వంగి, ఆగి ఆగి ఏడు మీటర్లు జరగడం నేర్చుకుంటే ఆరు వందల గ్రాముల బరువు తప్పుతుంది. చెరువు గట్టు మీద ఇది కుదురుతుంది. నీళ్ల అవతల ఉన్న పిట్ట దగ్గర కుదరదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. గూడబాతు రెక్కలు విప్పితే రెండు మీటర్ల పైనే. 2.3 మీటర్లనుకుని ముప్ఫై మీటర్ల దూరంలో లెక్కేస్తే 400లో 31 మి.మీ. వస్తుంది. సెన్సార్ వెడల్పు 36 మి.మీ., చక్కగా అమరుతుంది. 600లో 46 మి.మీ., రెక్కలు తెగిపోతాయి. జూమ్ ఎందుకంటే ఇందుకే. కొత్తవాళ్లు మాత్రం జూమ్ కొని ఎప్పుడూ చివరి కొసలోనే పెట్టేస్తారు, తెగిన రెక్కల ఫోటోలు తెచ్చి చూపిస్తారు.

నాది క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది) బాడీ. 400 పెడితే నిజంగా 600 అవుతుందా?

అవదు. సెన్సార్ మీద పిట్ట అదే 6.4 మి.మీ. పడుతుంది, చుట్టూ ఉన్నది కత్తిరించుకుపోతుంది, అంతే. కానీ 24 మెగాపిక్సెళ్లని చిన్న సెన్సార్‌లో కుక్కారు కాబట్టి అదే పిట్ట మీద 1,070 బదులు సుమారు 1,640 పిక్సెళ్లు పడతాయి. లాభమంటే అదే, చిన్న లాభం కూడా కాదు. తక్కువ బరువులో పిట్టల ఫోటోలు కావాలనుకునేవాళ్లు ఫుల్ ఫ్రేమ్ మోజు వదులుకుంటే ఖర్చూ, నడుమూ రెండూ మిగులుతాయి. చీకటి పడ్డాక మాత్రం ఫుల్ ఫ్రేమ్‌దే పైచేయి.

ఒలింపస్ (ఇప్పుడు ఓఎం సిస్టమ్), పానాసోనిక్ వాళ్ల మైక్రో ఫోర్ థర్డ్స్, అంటే ఇంకా చిన్న సెన్సార్, ఈ దారిలో ఇంకా ముందుకెళ్లింది. పానాసోనిక్ లైకా 100-400 కిలో కూడా లేదు, 985 గ్రాములు. చూసే కోణం మాత్రం ఫుల్ ఫ్రేమ్‌లో 200-800కి సమానం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎవరైనా అడిగితే నేను మొదట ఇదే చెబుతాను.

అన్నీ జూమ్ లెన్సులే కదా, బరువులో ఇంత తేడా ఎందుకు?

ముందున్న గాజు వల్ల. ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబరుతో (లెన్సు ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, చిన్నదైతే వెలుతురు ఎక్కువ) భాగిస్తే ముందు గాజు కనీసం ఎంత వెడల్పు ఉండాలో తెలుస్తుంది. 600ని 6.3తో భాగిస్తే 95 మి.మీ., అంటే దాదాపు పది సెంటీమీటర్ల వెడల్పు గాజు. 400ని 5.6తో భాగిస్తే 71. 500ని 7.1తో భాగిస్తే 70. కెనాన్ ఆర్‌ఎఫ్ (వాళ్ల మిర్రర్‌లెస్ కెమెరాల రకం) 100-500 చివర ఎఫ్ 7.1 అని అందరూ వెక్కిరించారు గానీ, ఆ 7.1 వల్లే అది పాత 100-400 కన్నా బరువు తగ్గి, వంద మిల్లీమీటర్లు పెరిగింది. కెనాన్‌దే ఆర్‌ఎఫ్ 100-400 చివర ఎఫ్ 8. భాగిస్తే 50 మి.మీ. బరువు 635 గ్రాములు, అరకిలో కందిపప్పు ప్యాకెట్ కన్నా కాస్త ఎక్కువ. అటు చివర 600 ఎఫ్ 4 ప్రైమ్‌కి (జూమ్ లేని లెన్సుకి) 150 మి.మీ. గాజు కావాలి. అవి మూడు కిలోలుంటాయి, ధర కారంత ఉంటుంది.

ఎఫ్ 8 అంటే చీకటి కాదా?

ఎఫ్ 5.6 నుంచి 8కి ఒక స్టాప్, అంటే వెలుతురు సగమవుతుంది. 5.6 నుంచి 6.3కి స్టాప్‌లో మూడో వంతే. దాని గురించి మనవాళ్లు గంటలు గంటలు వాదించుకుంటారు గానీ ఫోటోలో కనబడదు. ఒక స్టాప్ అంటే, ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) 3200లో తీయాల్సింది 6400లో తీయడం. పొద్దున్న ఏడున్నర దాటాక చెరువు దగ్గర అసలు సమస్యే కాదు. పొద్దున్న ఆరుంబావుకి అమ్రాబాద్ అడవిలో టేకు చెట్ల కింద దుప్పి నిలబడితే మాత్రం ఆ స్టాప్ విలువ తెలుస్తుంది. ఇప్పుడొచ్చే నాయిస్ (ఐఎస్ఓ పెరిగితే ఫోటోలో పడే ఇసక లాంటి మచ్చలు) తగ్గించే సాఫ్ట్‌వేర్లు చాలా వరకు ఆదుకుంటున్నాయి. పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) వాళ్లకి మాత్రం ఇంకో చిక్కుంది. ఎఫ్ 5.6 దాటితే వాటిలో చాలావాటి ఆటోఫోకస్ తడబడుతుంది. మిర్రర్‌లెస్‌లకి ఆ బాధ లేదు, అందుకే కంపెనీలు ఎఫ్ 8, ఎఫ్ 9 జూమ్‌లు ధైర్యంగా చేస్తున్నాయి.

నా బాడీకి ఏవి చూడాలి?

కెనాన్ మిర్రర్‌లెస్ అయితే, తక్కువ ఖర్చుకి పైన చెప్పిన ఆర్‌ఎఫ్ 100-400. దీన్ని చిన్నచూపు చూడకండి, పగటి వెలుతురులో చాలా మంచిది. డబ్బుంటే 100-500, ట్రైపాడ్ కాలర్ (ట్రైపాడ్‌కి బిగించే పట్టీ) లేకుండా 1.37 కిలోలు. 2023లో వచ్చిన 200-800 రెండు కిలోల పైమాటే. దూరపు పిట్టలకి బాగానే ఉంటుంది గానీ, నేను "మోయగలిగే" వాటిలో చేర్చను. కెనాన్‌కి ఇతర కంపెనీల టెలీ జూమ్‌లు దొరకడం కష్టం. అందుకని అడాప్టర్‌తో పాత ఈఎఫ్ (డీఎస్ఎల్ఆర్ రకం) 100-400 రెండో వెర్షన్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవడం తెలివైన పని. 2014 నాటిదే అయినా ఇప్పటికీ పదునుగా ఉంటుంది.

నికాన్ జెడ్ వాళ్లకి 100-400, కాలర్‌తో కలిపి 1.44 కిలోలు. 180-600 కాలర్‌తో 2.14 కిలోలు. రెండోది ధరలో తక్కువ, బరువులో ఎక్కువ, దాంతో జనం దానివైపే పోతారు. డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్లకి 200-500 ఎఫ్ 5.6 దొరుకుతుంది, ధరకి తగ్గ మేలిమి లెన్సు, కానీ 2.3 కిలోలు. మా స్నేహితుల్లో ముగ్గురి దగ్గర ఉంది, ముగ్గురూ మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) కొన్నారు.

సోనీ వాళ్లకి ఎంచుకోవడానికి చాలా ఉన్నాయి. సోనీదే 100-400 జీఎం, 1.4 కిలోలు. సిగ్మా 100-400 అయితే 1.14 కిలోలు. టామ్రాన్ 50-400 కూడా దాదాపు అంతే, పైగా 50 నుంచి మొదలవుతుంది కాబట్టి చెరువు, ఆకాశం కూడా తీసుకోవచ్చు. టామ్రాన్ 150-500 కాలర్ తీస్తే 1.73 కిలోలు, నికాన్ జెడ్‌కీ ఫ్యూజీకీ కూడా దొరుకుతుంది. ఒక మాట గుర్తుంచుకోండి. సోనీ బాడీల మీద ఇతర కంపెనీల లెన్సులు సెకనుకి 15 ఫ్రేములకే పరిమితం, టెలికన్వర్టర్లూ (లెన్సుకీ బాడీకీ మధ్య తగిలించి ఫోకల్ లెంగ్త్ పెంచేవి) పనిచేయవు. పదిహేను చాలనుకుంటే డబ్బు మిగులుతుంది. నన్నడిగితే చాలు.

ఫ్యూజీలో 100-400 ఒకటి, 150-600 ఒకటి. రెండోది చివర ఎఫ్ 8, అందుకే 1.6 కిలోలకి దిగింది.

లోపలే జూమ్ అయ్యేది మంచిదా, ముందుకి సాగేది మంచిదా?

సోనీ 200-600, నికాన్ 180-600 లోపలే జూమ్ అవుతాయి. రింగు తిప్పినా బరువు ముందుకి జారదు, వేలితో తిప్పేయొచ్చు. ఎగిరే పిట్టల వెంట పడేవాళ్లకి ఇది నిజమైన సుఖం. కానీ రెండూ అడుగు పొడుగుంటాయి, హుడ్ (ముందు తగిలించే గొట్టం) పెడితే ఇంకా పెరుగుతాయి. మామూలు బ్యాక్‌ప్యాక్‌లో బాడీతో సహా నిలువుగా పట్టవు. కెనాన్ 100-500 మూసినప్పుడు 21 సెంటీమీటర్లే, ఆఫీసు బ్యాగులో లంచ్ బాక్స్ పక్కన సర్దేయొచ్చు. బస్సులో, రైల్లో, బండి మీద తిరిగేవాళ్లకి సాగేదే మేలు. దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్‌కి ఏడు కిలోల చేతి సంచే కదా, అదీ లెక్కలో పెట్టుకోండి.

"సాగే లెన్సులోకి దుమ్ము పోదా?" అంటారు. కొంచెం పోతుంది. ఏప్రిల్‌లో కవ్వాల్ అడవి దారుల్లో జిప్సీ వెనక రేగే ఎర్ర దుమ్ము తిన్నాక నా లెన్సులో రెండు మూడు నలుసులు చేరాయి. ఫోటోలో ఎప్పుడూ కనబడలేదు. సఫారీలో లెన్సు మీద తడి తువ్వాలు కాదు, పొడి తువ్వాలు కప్పండి. ముందు జిప్సీ వెళ్లాక దుమ్ము అణిగేదాకా జూమ్ రింగు తిప్పకండి, చాలు.

స్టెబిలైజేషన్ ఉంటే ట్రైపాడ్ అక్కర్లేదు కదా?

మీ చేతి వణుకుని అది ఆపుతుంది. పిట్ట కదలికని ఆపదు. కొమ్మ మీద కూర్చున్న పసిరిక పిట్టకి షట్టర్ వేగం 1/500 సెకను సరిపోతుంది, అది తల తిప్పే వేగానికి ఒక్కోసారి అదీ చాలదు. ఎగిరే గూడబాతుకి 1/1600. నీళ్లలోకి దూకే లకుముకికి 1/3200 పెట్టినా చాలాసార్లు అదృష్టం మీదే ఆధారపడాలి.

ట్రైపాడ్‌ని పడవలో, జిప్సీలో మర్చిపోండి. అక్కడ కావాల్సింది బీన్ బ్యాగ్. కొనక్కర్లేదు. పాత జీన్స్ ప్యాంటు కాలు అడుగున్నర కత్తిరించి ఒక వైపు కుట్టండి, రెండో వైపు జిప్పు వేయించండి. ఖాళీగా మడిచి తీసుకెళ్లి, ఊరు చేరాక కిరాణా కొట్లో రెండు కిలోల జొన్నలు కొని నింపండి. బియ్యం కూడా పర్లేదు గానీ జొన్నలు లెన్సు కింద బాగా సర్దుకుంటాయి. తిరిగొచ్చేటప్పుడు జొన్నలు డ్రైవరుకి ఇచ్చేస్తే ఆయనా సంతోషిస్తాడు.

టెలికన్వర్టర్ కొంటే పోలా?

1.4 కన్వర్టర్ ఒక స్టాప్ తింటుంది, 2 ఎక్స్ రెండు స్టాపులు. 1.4తోనే ఎఫ్ 6.3 కాస్తా ఎఫ్ 9 అవుతుంది. పదును తగ్గుతుంది, ఫోకస్ నెమ్మదిస్తుంది. కెనాన్ 100-500కి తగిలిస్తే 300 కన్నా వెనక్కి జూమ్ రాదు, బ్యాగులో మూసిపెట్టడమూ కుదరదు. ఎఫ్ 4 ప్రైములకి అది బాగుంటుంది, మన జూమ్‌లకి అంతంతమాత్రమే. ఆ డబ్బు దాచుకోండి.

మన దగ్గర ఏ చోటుకి ఏది సరిపోతుంది?

ఉప్పలపాడులో 400 కావలసినంత. పిట్టలే మన మీదకొస్తాయి. కొల్లేటిలో ఆటపాక వెళ్తే పడవలో తిప్పుతారు. పడవ ఊగుతుంటే రెండు కిలోల లెన్సుతో ఎగిరే పిట్టని ఫ్రేములో ఉంచడం సర్కస్. అక్కడ 100-400 హాయి. నేలపట్టులో నీళ్లలో నిలబడ్డ కడప అనే రకం చెట్ల మీద గూడబాతుల గూళ్లు ఉంటాయి. ఎగిరేవాటికి 400, గూటిలో పిల్లల ముక్కులు కనబడాలంటే 600. పులికాట్ సంగతి వేరు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద నిలబడితే ఫ్లెమింగోలు కొన్నిసార్లు దగ్గరగా ఉంటాయి, చాలాసార్లు దూరంగా గులాబీ గీతలా కనబడతాయి. ఆ గీతని 800 కూడా పిట్టగా మార్చలేదు. జూమ్ వెనక్కి లాగి నీళ్లూ ఆకాశంతో కలిపి తీసుకోండి, అదే మంచి ఫోటో.

రోళ్లపాడు గడ్డి మైదానంలో కృష్ణ జింకలు మనిషి కనబడగానే దూరం జరుగుతాయి. అక్కడ 500, 600 పనికొస్తాయి. కోరింగ మడ అడవుల్లో ఇరుకు కాలువలు, పడవ, నీడ. చిన్న లెన్సే నయం. హైదరాబాద్ వాళ్లకి అమీన్‌పూర్ చెరువు ఉండనే ఉంది. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది, చుట్టూ అపార్ట్‌మెంట్లు కూడా వచ్చాయి. అక్కడి పిట్టలు మనుషులకి కొంత అలవాటు పడ్డాయి.

పులుల కోసం మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది చంద్రాపూర్ పక్కన తాడోబాకి. అక్కడ పులి దారి మీదే నడుచుకుంటూ వస్తుంది. భుజం దాకా 90 సెంటీమీటర్ల ఎత్తున్న పులి పదిహేను మీటర్ల దూరంలో ఉంటే 400లోనే ఫ్రేమ్ పైనుంచి కింది దాకా నిండిపోతుంది. 200 నుంచి మొదలయ్యే లెన్సు తీసుకెళ్లి, పులి జిప్సీ పక్కకొచ్చాక చెవి మాత్రం తీసుకొచ్చినవాళ్లని చూశాను. కొన్ని పార్కుల్లో కెమెరాకి విడిగా రుసుము ఉంటుంది, బుక్ చేసేటప్పుడే అడగండి.

తూనీగలు, సీతాకోకచిలుకలు కూడా తీయొచ్చా?

కనిష్ఠ ఫోకస్ దూరం చూడండి. 100-400 రకం జూమ్‌లలో కొన్ని ఒక మీటరు లోపు నుంచే ఫోకస్ చేస్తాయి. తూనీగ రెక్క మీద ఈనెలు లెక్కపెట్టొచ్చు. సోనీ 200-600కి 2.4 మీటర్లు కావాలి. వేసవిలో పిట్టలు తగ్గిపోయినప్పుడు ఈ గుణమే మిమ్మల్ని బయటికి లాగుతుంది.

ఫోటోలన్నీ మెత్తగా వస్తున్నాయి. లెన్సు తేడా ఉందా?

తొందరపడి సర్వీసుకి పంపకండి. నేను పంపాను. మూడు వారాల తర్వాత "ఏ లోపం లేదు" అన్న కాగితంతో తిరిగొచ్చింది. ఆ ఫోటోలన్నీ తీసింది పదకొండు గంటలకి, ఎండలో మెరుస్తున్న చేపల చెరువుల మీదుగా. తప్పు నాదే. నేల వేడెక్కితే గాలి ఉడికినట్టు అలలు అలలుగా కదులుతుంది. దోసె పెనం మీదుగా అవతలి గోడని చూసినట్టుంటుంది. ఎంత ఖరీదైన లెన్సైనా ఆ గాలిలోంచే చూడాలి. దూరం పెరిగేకొద్దీ ఇది ఎక్కువవుతుంది, అంటే 600 వాళ్లకే ఎక్కువ దెబ్బ. శీతాకాలంలో తొమ్మిది తర్వాత, ఎండాకాలంలో ఎనిమిది తర్వాత దూరపు పిట్టల్ని వదిలేయండి.

పరీక్ష ఇలా చేయండి. తెల్లవారాక, ఎండ ముదరకముందు, పది మీటర్ల దూరంలో గోడకి దినపత్రిక అంటించి, ట్రైపాడ్ మీద పెట్టి తీయండి. అక్షరాలు స్పష్టంగా ఉంటే లెన్సు బాగున్నట్టే. ముందు చవక యూవీ ఫిల్టర్ ఉంటే తీసేసి మళ్లీ తీయండి. సగం మంది సమస్య అక్కడే తీరిపోతుంది.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఏం చూడాలి?

లెన్సు రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము నలుసులు చుక్కల్లా కనబడతాయి, పర్లేదు. సాలెగూడు దారాల్లా, చెట్టు కొమ్మల్లా పాకి ఉంటే ఫంగస్, దండం పెట్టి వచ్చేయండి. జూమ్ రింగు ఒక కొస నుంచి రెండో కొస దాకా తిప్పండి. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే ఎప్పుడో కింద పడిందన్నమాట. హుడ్ దగ్గర అంచు నొక్కుకుపోయిందేమో వేలితో తడమండి, కంటికన్నా వేలికి బాగా దొరుకుతుంది. మీ బాడీకి తగిలించి, స్టెబిలైజేషన్ వేసి, షట్టర్ సగం నొక్కండి. వ్యూఫైండర్‌లో బొమ్మ స్థిరపడాలి, గెంతకూడదు. బిల్లు మీదున్న సీరియల్ నంబరు, లెన్సు మీదున్న నంబరు ఒకటేనా? బిల్లు లేదంటే ధర తగ్గడం కాదు, కొనడమే మానేయండి.

అమెరికాలో ఉన్న బావమరిదితో తెప్పించుకోవచ్చా?

చాలామంది తెప్పించుకుంటారు. రెండు చిక్కులు. వారంటీ చాలాసార్లు కొన్న దేశానికే పరిమితం. పెట్టెలో వచ్చే కార్డు చదవకుండా ధైర్యం చేయకండి. రెండోది కస్టమ్స్. ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకునే వస్తువుల విలువకి పరిమితి ఉంది, మంచి టెలీ జూమ్ దాన్ని సులువుగా దాటేస్తుంది. సుంకం కలిపాక ఇక్కడి ధరతో పోల్చండి. పాపం ఆ బావమరిది శంషాబాద్‌లో దిగి, నిద్రకళ్లతో అధికారికి జవాబు చెప్పుకోవాలి కదా, అదీ ఆలోచించండి.

కోస్తాలో ఉంటాం. ఫంగస్ రాకుండా ఎలా?

గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు. మీటరు 40-50 మధ్య ఉండాలి. 60 దాటితే జాగ్రత్త. నారింజ రంగు సిలికా జెల్ కొనండి, తేమ పడితే ఆకుపచ్చగా మారుతుంది, వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది, దాన్ని వంటింటి మూకుడులో వేడి చేయకండి. లెన్సుని బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, తవుడంతా రింగుల్లోకి పోతుంది. అన్నిటికన్నా మంచి మందు, వారానికోసారి బయటికి తీసి వెలుతురులో వాడటం.

కాకినాడలోనో నెల్లూరులోనో ఏసీ గదిలో పడుకుని తెల్లారుజామున బయటికి తీస్తే లెన్సు మీద మంచు పట్టినట్టు తడి చేరుతుంది. రాత్రి బ్యాగుని ఏసీ గదిలో కాకుండా వరండా వైపు గదిలో పెట్టండి. కుదరకపోతే బయటికొచ్చాక అరగంట జిప్పు తీయకండి.

పెద్ద జూమ్ ఉన్న బ్రిడ్జ్ కెమెరా (లెన్సు మార్చలేనిది) తీసుకుంటే?

నికాన్ పీ1000 కాగితం మీద 3000 మి.మీ. దాకా పోతుంది. పిట్టని గుర్తుపట్టడానికి, చందమామకి బాగుంటుంది. సెన్సార్ గోరంత, వెలుతురు తగ్గితే చేతులెత్తేస్తుంది, బరువు చూస్తే 1.4 కిలోలు. ఆ బరువుకి 100-400 లెన్సే వస్తుంది.

కొనేముందు అద్దెకి తీసుకుని చూడొచ్చా?

తప్పకుండా. హైదరాబాద్, విజయవాడ, విశాఖలో కెమెరా అద్దె దుకాణాలున్నాయి. ఆధార్, డిపాజిట్ అడుగుతారు. శనివారం ఒక్కరోజుకి కాకుండా శని, ఆదివారాలు రెండూ తీసుకోండి. మొదటి రోజు ఉత్సాహం బరువు తెలియనివ్వదు. రెండో రోజు పొద్దున్న మంచం మీంచి లేచి దాన్ని మళ్లీ భుజాన వేసుకోవాలనిపిస్తుందా లేదా చూసుకోండి. తిరిగిచ్చేటప్పుడు హుడ్, కాలర్, రెండు మూతలు లెక్కపెట్టి ఇవ్వండి, తీసుకునేటప్పుడే వాటన్నిటికీ ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి. వెనక మూత ఒకటి పోయిందని నా డిపాజిట్‌లో కోత పెట్టారు, అది ఇవ్వనేలేదని చూపించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.